మట్టిలో మందు వెతికించిన మన సుబ్బారావు

రాత్రి పాలలో వేసిన తోడు తెల్లారేసరికి పెరుగవుతుంది. అది సూక్ష్మజీవుల మేలు. కలుషితమైన నీళ్లు తాగితే విరేచనాలు పట్టుకుంటాయి. అదీ సూక్ష్మజీవుల పనే. మేలు చేసే జీవితో కీడు చేసే జీవిని అణచే మందు తెచ్చినవారిలో మన తెలుగువాడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కారు. స్ప్రూ వ్యాధి ఆయన సోదరులను పొట్టనబెట్టుకుంది. వైద్యం చదివి 1923లో అమెరికా చేరారు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన ఆధ్వర్యంలో డగ్గర్ అనే శాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్ మందుల్లో అదే మొదటిది. అది లోకానికి తెలిసిన 1948లోనే ఆయన కన్నుమూశారు.

చోడవరం హాస్టల్లో చదివి వెళ్లిన మేము, టెన్త్ తప్పి పెట్టె సర్దుకుంటున్న తమ్ముళ్లకు చెప్పేది ఒకటే. మూడోసారి పరీక్షకు కూర్చున్న ఆ కుర్రవాణ్ణి తలచుకోండి.