కొరత కాదు, కరువు

మొన్న ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌లో వెర్బల్ టెస్ట్ పెట్టారు. ‘ఫామిన్’ అనే మాటకి దగ్గరి అర్థం అడిగితే ‘స్కేర్సిటీ’ అని టిక్ పెట్టాను. మార్కు కూడా వచ్చింది. తర్వాత ఈ సంచిక కోసం సి.పి. బ్రౌన్ గురించి చదువుతుంటే, ఆ మార్కు నాకు రావాల్సింది కాదేమో అనిపించింది.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టారు. 1817లో కంపెనీ ఉద్యోగానికి మద్రాసు వచ్చాకే తెలుగు మొదలుపెట్టారు. అంటే దాదాపు నా వయసులో, అక్షరాల దగ్గర్నుంచి. (నేను ఇంట్లో తెలుగే మాట్లాడుతూ కూడా ఒత్తులు తప్పు రాస్తాను, అది వేరే విషయం.) 1820లో కడప వెళ్లారు. తర్వాత అక్కడే బంగళా కొని, సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకుని, తాటాకు ప్రతులు పోగుచేసి, తప్పులు దిద్దించారు. 1829లో వేమన పద్యాలు అచ్చువేయించారు. ఇవి మనలో చాలామందికి తెలిసినవే.

నాకు తెలియనిది గుంటూరు సంగతి. 1832-33లో అక్కడ ఘోరమైన కరువు వచ్చింది. నందన సంవత్సరంలో మొదలైంది కాబట్టి జనం నందన కరువు అన్నారు. ఒక్క గుంటూరు ప్రాంతంలోనే లక్షకు పైగా మనుషులు పోయారు. అప్పుడు బ్రౌన్ అక్కడే ఉద్యోగంలో ఉన్నారు. సర్కారు కాగితాల్లో దానికి వాడుతున్న మాట ‘స్కేర్సిటీ’. బ్రౌన్ మాత్రం తన ఉత్తరాల్లో ‘ఫామిన్’ అనే రాశారు. పైవాళ్లకి అది నచ్చలేదు.

ఇందులో అంత తేడా ఏముంది అని మొదట అనుకున్నాను. స్కేర్సిటీ అంటే కొరత. సరుకు తక్కువైంది, ధర పెరిగింది, రేపో మాపో సర్దుకుంటుంది. మా హాస్టల్లో వేసవిలో నీళ్లకి కూడా ఆ మాట సరిపోతుంది. ఫామిన్ అంటే తిండి లేక జనం చచ్చిపోతున్నారని. కొరత అని రాస్తే ఆఫీసులో కూర్చున్నవాళ్లు ఊరుకోవచ్చు. కరువు అని రాస్తే ఏదో ఒకటి చెయ్యాలి. నాకర్థమైనంతలో గొడవంతా అదే.

1834లో బ్రౌన్ ఉద్యోగం పోయింది. లండన్ వెళ్లి, కొన్నేళ్లకు మళ్లీ మద్రాసు వచ్చి, 1850ల మొదట్లో తెలుగు-ఇంగ్లీషు, ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులు తెచ్చారు. 1884లో లండన్‌లో పోయారు.

కడపలో ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు లైబ్రరీ ఉంది. సెమ్ సెలవుల్లో వెళ్లి, ఆయన నిఘంటువులో ఈ రెండు మాటలకీ తెలుగులో ఏం రాశారో చూడాలి.