కలివికోడిని లోకమునకు చూపిన వైద్యుడు

జీవికకై చేపట్టిన వృత్తి యొకటి, మనసు పడిన విద్య మరియొకటి అయినచో మనుష్యుడు సామాన్యముగా రెండవదానిని విడిచిపెట్టును. రెంటిని తుదివరకు కలిపి నడిపినవారు కొలదిమంది. అట్టివారిలో నొకడు థామస్ కేవర్‌హిల్ జెర్డాన్.

ఈయన 1811 అక్టోబరు 12వ తేదీన ఇంగ్లండులోని డర్హాము మండలమున జన్మించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున చదివి, ఈస్టిండియా కంపెనీ కొలువున సహాయ వైద్యుడై, 1836 ఫిబ్రవరిలో చెన్నపట్టణము చేరెను. తొలి ఉద్యోగము గంజాము జిల్లాలో లభించెను. నేటి శ్రీకాకుళ ప్రాంతము నాడు ఆ జిల్లాలోనిదే. 1936లో ఒరిస్సా ఏర్పడినపుడు అది విశాఖపట్టణముతో చేరి, 1950లో ప్రత్యేక జిల్లా అయ్యెను.

గంజాములో సైనికులు జ్వరములతోను, రక్తవిరేచనములతోను బాధపడుచుండిరి. వారికి చికిత్స చేయుట జెర్డాన్ విధి. ఆ విధి నడుమనే ఆయన తూర్పు కనుమల పక్షులను పరిశీలింప నారంభించెను. నాటికి ఆయన వయస్సు పాతిక సంవత్సరములు. విజయనగర, శ్రీకాకుళముల పడమటి అంచున సాగు ఈ కొండల వరుసయే భారతదేశమున ఆయనకు తొలి బడి యని చెప్పవచ్చును.

1837లో అశ్వికదళమునకు మారి తిరుచిరాపల్లికిని, పిదప జాల్నాకును పోయెను. దుర్భిణితో చూచి తృప్తిపడు కాలము కాదది. పక్షిని చంపి చర్మమును భద్రపరచుటయే నాటి పద్ధతి. అట్లు కూర్చిన చర్మములను పేర్లు నిర్ణయించుటకై స్కాట్లండులోని పండితునకు పంపగా, దారిలో వానిని పురుగులు తినివేసెను. మరియొకడైన నిరాశ చెందియుండును. జెర్డాన్ ఇతరులపై ఆధారపడుట మాని, తన పరిశీలనమునే నమ్ముకొని, దక్షిణ భారత పక్షుల పట్టికను 1839 నుండి చెన్నపట్టణపు శాస్త్ర పత్రికలో ప్రకటించెను.

1841 జూలైలో ఫ్లోరా మాక్లియాడ్ అను ఆమెను వివాహమాడెను. ఆమెకు వృక్షశాస్త్రమునందును, చిత్రలేఖనమునందును అభిరుచి మెండు. మరుసటి సంవత్సరము ఆయన నెల్లూరు జిల్లా వైద్యుడయ్యెను. అచట యానాదులతో కలసి మెలసి, పక్షుల స్థానిక నామములను, వాని నడవడిని అడిగి తెలిసికొనెను. అడవిని ఎరిగినవారే తనకు గురువులని గ్రహించుట ఆయన గొప్పతనము. ఆ గురువుల పేర్లు మాత్రము చరిత్రకు దక్కలేదు.

నెల్లూరు, కడప సీమల నడుమనున్న కనుమలలో ఆయనకు రెండు మెడపట్టీలు గల అరుదైన పక్షి లభించెను. 1848లో బ్లైత్ అను శాస్త్రజ్ఞుడు దానిని లోకమునకు పరిచయము చేసెను. మన కడపవారు దానినే కలివికోడి యందురు.

జెర్డాన్ దృష్టి పక్షులతో ఆగలేదు. 1851లో దక్షిణ భారతపు చీమలను గూర్చి వ్యాసము వెలువరించెను. ఎగిరి దుముకు ఒక చీమకు, దుముకునది యను అర్థమునిచ్చు లాటిన్ పేరు పెట్టెను. ఆ చీమ జన్యుపటమును 2010లో శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. భారతదేశ పక్షులను గూర్చిన ఆయన మహాగ్రంథము 1862 మొదలు 1864 వరకు సంపుటములుగా వెలువడెను. స్వదేశమునకు మరలి, 1872 జూన్ 12న పరమపదించెను.

ఆయన మరణానంతరము కలివికోడి క్రమముగా మరుగుపడెను. 1900 తరువాత అది ఎవరి కంటనూ పడకపోవుటచే నశించినదనియే పండితులు తలచిరి. 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె చెంత ఒక స్థానిక వేటగాని సాయముతో భరత్ భూషణ్ దానిని తిరిగి కనుగొనెను. దానికై శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము వెలసినది. అయినను ఆ పక్షి మనుగడ నేటికిని సందేహాస్పదమే. పొదల నడుమ ఖాళీ నేల గల చిట్టడవి దాని నివాసము. అది పోయిన అదియు లేదు.

శ్రీకాకుళ జిల్లా తేలినీలాపురమునకు ఏటేట గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చును. ఇచ్ఛాపురము చెంత తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు వచ్చి గూళ్లు కట్టును. గ్రామస్థులు వానిని చుట్టములవలె కాపాడుచున్నారు. వానిని చూచుటకు తుపాకి అక్కరలేదు. ఓర్పు, ఒక చిన్న పుస్తకము చాలును. సెలవు దినములలో ఉపాధ్యాయులు పిల్లలచే ఏ పక్షి ఏనాడు వచ్చినది, ఊరివారు దాని నేమని పిలుతురు అని వ్రాయించినచో, జెర్డాన్ ఆరంభించిన పని మన చేతులలో కొనసాగును. ఈసారి పేరు చెప్పిన పెద్దవారి పేరును గూడ ఆ పుస్తకమున వ్రాయుట మరువరాదు.