ఆర్కాటు లక్ష్మణస్వామి ముదలియార్

ఆర్కాటు లక్ష్మణస్వామి ముదలియార్ (1887 అక్టోబరు 14 - 1974 ఏప్రిల్ 15) సుప్రసిద్ధ ప్రసూతి వైద్య నిపుణుడు, విద్యావేత్త. 1942 నుండి 1969 వరకు మద్రాసు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసాడు. దేశంలో ప్రజావైద్యం ఎలా ఉండాలో సూచించిన రెండు ప్రధాన సంఘాలలోనూ ఈయనకు స్థానం ఉంది. మొదటిది భోర్ కమిటీ, రెండవది ఈయన పేరుతోనే ప్రసిద్ధమైన ముదలియార్ కమిటీ. వైద్యానికయ్యే ఖర్చును ఎవరు భరించాలన్న ప్రశ్నకు ఈ రెండు సంఘాలు ఇచ్చిన సమాధానాలు ఒకటి కావు.

బాల్యం, విద్య

లక్ష్మణస్వామి కర్నూలులో తమిళ కుటుంబంలో జన్మించాడు. ఆర్కాటు రామస్వామి ముదలియార్ ఈయన కవల సోదరుడు. ఇద్దరూ కర్నూలులో చదువుకొని, 1903లో పైచదువుల కొరకు మద్రాసు చేరి క్రైస్తవ కళాశాలలో చదివారు. అక్కడినుండి దారులు వేరయ్యాయి. రామస్వామి జస్టిస్ పార్టీ నాయకుడై, మైసూరు దివానుగా, 1946లో ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక మండలికి తొలి అధ్యక్షునిగా పనిచేసాడు. 1955లో పరిశ్రమలకు పెట్టుబడులు సమకూర్చడానికి ఐసీఐసీఐ సంస్థ ఏర్పడినపుడు దాని మొదటి ఛైర్మన్ కూడా ఆయనే. ఒక సోదరుడు పెట్టుబడుల వైపు, మరొకరు ఆసుపత్రుల వైపు వెళ్ళారన్నమాట.

వైద్యవృత్తి

మద్రాసు వైద్య కళాశాలలో చదివిన లక్ష్మణస్వామి అక్కడే ఆచార్యుడై, ఆ కళాశాలకు ప్రిన్సిపాల్ అయిన తొలి భారతీయునిగా పేరు పొందాడు. ప్రసూతి వైద్యంపై ఈయన వ్రాసిన గ్రంథం తరువాత కృష్ణ మీనన్ పేరు కూడా చేరి "ముదలియార్ అండ్ మీనన్"గా తరతరాల వైద్య విద్యార్థులకు పాఠ్యపుస్తకమైంది. 1945లో సర్ బిరుదు లభించింది. 1952-53లో మాధ్యమిక విద్యా కమిషన్‌కు అధ్యక్షత వహించాడు.

భోర్ కమిటీ

1943లో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన బ్రిటిషు ప్రభుత్వం నియమించిన ఆరోగ్య సర్వే సంఘంలో ముదలియార్, బిధాన్ చంద్ర రాయ్ తదితరులు సభ్యులు. 1946లో వెలువడిన నివేదిక, డబ్బు చెల్లించలేని కారణంగా ఎవరికీ వైద్యం అందకుండా పోరాదన్న సూత్రాన్ని ప్రతిపాదించింది. ఆరోగ్య బీమా సంగతిని సంఘం పరిశీలించకపోలేదు. అయితే ప్రజలలో అధికభాగం బీమాకు కావలసిన కొద్దిపాటి చందా కూడా కట్టగల స్థితిలో లేరని భావించి, పన్నుల సొమ్ముతో అందరికీ ఉచిత వైద్యం ఇవ్వాలన్నది. జీతం తీసుకొనే ప్రభుత్వ వైద్యులు సొంత ప్రాక్టీసు చేయరాదన్నది. వైద్యాన్ని వృత్తివ్యాపారంగా నడుపుకొనేవారికి రుచించే సిఫారసు కాదిది. సంస్థానాలు ఈ సంఘం పరిధిలో లేవు. కనుక అప్పటి నిజాం రాజ్యంలోని సిద్దిపేట వంటి ఊర్లకు ఈ ప్రణాళిక నేరుగా వర్తించలేదు.

యజమానుల చందా

ప్రభుత్వం అమలు చేసిన మొదటి పెద్ద పథకం మాత్రం బీమాయే. 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టం (ఈఎస్ఐ) ప్రకారం కార్మికుడు, యజమాని ఇద్దరూ చందా కట్టాలి. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో పథకం ప్రారంభమైంది. కొన్ని నగరాలలోనే చందా వసూలు చేస్తే అక్కడి మిల్లుల సరుకు ఖర్చు పెరిగి, ఇతర నగరాల మిల్లులతో పోటీకి నిలవలేమని యజమానులు అభ్యంతరం చెప్పారు. వారి వాదనలో న్యాయం ఉంది. అందుకే 1951లో చట్టాన్ని సవరించి, పథకం రాని ప్రాంతాల యజమానులు కూడా తక్కువ రేటున ప్రత్యేక చందా కట్టేలా చేసారు.

మరో లోపం ఇంతకంటే పెద్దది. విద్యుచ్ఛక్తి వాడుతూ ఇరవైమందికి తక్కువ కాకుండా పనిచేసే కర్మాగారాలకే మూల చట్టం వర్తించింది. సిద్దిపేటలో ఇంటి మగ్గంపై గొల్లభామ చీరలు నేసేవారు, ఇళ్ళలో బీడీలు చుట్టే స్త్రీలు ఇందులోకి రాలేదు. యజమాని ఎవరో తేలనివారికి చందా కట్టేదెవరు?

ముదలియార్ కమిటీ

1959లో కేంద్ర ప్రభుత్వం ముదలియార్ అధ్యక్షతన ఆరోగ్య సర్వే, ప్రణాళిక సంఘాన్ని నియమించింది. 1961లో పూర్తయిన నివేదిక, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో నాణ్యత తక్కువగా ఉందని గుర్తించి, కొత్తవి తెరవడానికి ముందు ఉన్నవాటిని బలపరచాలని, ఒక్కో కేంద్రం కింద 40,000 మందికి మించరాదని చెప్పింది. జిల్లా ఆసుపత్రులలో స్పెషలిస్టులు ఉండాలని, ప్రతి 50 లక్షల జనాభాకు ఒక వైద్య కళాశాల కావాలని సూచించింది.

డబ్బు విషయంలోనే స్వరం మారింది. నిరుపేదలకు మినహా ఇతరుల నుండి రుసుము తీసుకోవచ్చని, దీర్ఘకాలంలో ఆరోగ్య బీమా వైపు సాగాలని ఈ సంఘం భావించింది. పదిహేనేళ్ళలో ఖజానా పరిస్థితి చూసిన అనుభవం ఇందుకు కారణం కావచ్చు. ఏమైనా 1946 నాటి ఉచిత వైద్యపు హామీ నుండి ఇది వెనుకడుగే.

అంతర్జాతీయ సేవ, పురస్కారాలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ కార్యనిర్వాహక మండలికి ఛైర్మన్‌గా, 1961లో ఢిల్లీలో జరిగిన 14వ ప్రపంచ ఆరోగ్య సభకు అధ్యక్షునిగా ముదలియార్ వ్యవహరించాడు. 1954లో పద్మభూషణ్, 1963లో పద్మవిభూషణ్ లభించాయి. 1974లో మరణించాడు. మద్రాసు విశ్వవిద్యాలయపు తరమణి ప్రాంగణంలోని మౌలిక వైద్యశాస్త్రాల స్నాతకోత్తర సంస్థకు ఈయన పేరు పెట్టారు.

తరువాతి కాలం

2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రారంభించిన ఆరోగ్యశ్రీలో బీమా కంపెనీకి ప్రీమియం ప్రభుత్వమే చెల్లించింది. పేదలు కార్పొరేటు ఆసుపత్రులలోనూ చికిత్స పొందారు. అనగా భోర్ కమిటీ కోరిన పన్నుల సొమ్ము, ముదలియార్ కమిటీ కోరిన బీమా పద్ధతిలో, చాలావరకు ప్రైవేటు ఆసుపత్రులకు చేరింది. మెదక్ నుండి విడివడి 2016లో ఏర్పడిన సిద్దిపేట జిల్లా జనాభా సుమారు 10 లక్షలు. ముదలియార్ కమిటీ లెక్కన ఇటువంటి ఐదు జిల్లాలకు ఒక వైద్య కళాశాల చాలు. సిద్దిపేటలో 2018లోనే ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది.