ముసునూరి కాపయనాయకుడు

పెద్ద చేప చిన్న చేపను మ్రింగుటను మన పూర్వులు మత్స్యన్యాయమనిరి. ప్రక్కనే ఒక పెద్ద రాజ్యము పెరుగుచుండగా చిన్న రాజ్యమెట్లు నిలువవలెనను ప్రశ్నకు కాపయనాయకుని జీవితము చక్కని నిదర్శనము.

1323వ సంవత్సరమున ఓరుగల్లు ఢిల్లీ సైన్యముల వశమయ్యెను. ప్రతాపరుద్ర చక్రవర్తి బందీయై ఢిల్లీకి పోవుచు నర్మదాతీరమున అసువులు బాసెను. నగరమునకు సుల్తానుపూరను పేరు వచ్చెను. అప్పుడు ముసునూరి ప్రోలయనాయకుడు రేకపల్లె కేంద్రముగా తెలుగు నాయకులను కూడగట్టెను. ఆయన అనంతరము పినతండ్రి కుమారుడగు కాపయ నాయకత్వము వహించి, 1336 ప్రాంతమున మాలిక్ మక్బూలును తరిమి ఓరుగల్లు గైకొనెను. ఆయనను 75 మంది నాయకులు సేవించిరని 1423 నాటి కలువచేరు శాసనము తెలుపుచున్నది. ఆంధ్రసురత్రాణుడను బిరుదు ఆయనకు సార్థకమయ్యెను.

ఇంతలో దక్కనులోని అమీరులు ఢిల్లీపై తిరుగబడిరి. శత్రువునకు శత్రువు మిత్రుడను నీతి ననుసరించి కాపయ వారికి సైన్యసాహాయ్యము చేసెను. 1347లో అల్లాఉద్దీన్ హసన్ బహమనీ రాజ్యము స్థాపించెను. ఢిల్లీ దూరమయ్యెను గాని, గుల్బర్గా దగ్గరయ్యెను! మూడేండ్లు గడువకముందే ఆ మిత్రుడే దండెత్తి వచ్చెను. 1350లో కాపయ కౌలాసు కోటనిచ్చి సంధి చేసికొనెను.

కోటనిచ్చినను శాంతి దక్కలేదు. రెండవ సుల్తాను మహమ్మదుషా కాలమున కాపయ కుమారుడు వినాయకదేవుడు శత్రువుల చేజిక్కి ఘోరముగా హతుడయ్యెను. పుత్రశోకముతో కుమిలిన కాపయ ఢిల్లీ సుల్తాను ఫిరోజుషాకు సాహాయ్యము కోరి విన్నపము పంపెనని ఫెరిష్తా వ్రాసియున్నాడు. ఒకనాడు తాను తరిమిన ఢిల్లీనే ఆశ్రయింపవలసి వచ్చుట ఎంతటి విధివైపరీత్యము! ఢిల్లీనుండి సాహాయ్యము రాలేదు. సుల్తాను ఆగ్రహము మాత్రము వచ్చెను. 1364 ప్రాంతమున గోలకొండ కోటను, అపార ధనమును, ఫిరోజా సింహాసనమును సమర్పించి కాపయ సంధి చేసికొనెను. ఆ సింహాసనము బహమనీల కొలువునలంకరించెను. ఆ గోలకొండయే తరువాత కుతుబ్‌షాహీల రాజధానియయ్యెను.

పశ్చిమమున ఇట్లుండగా ఇంట తగవు పెరిగెను. మన పాత నల్లగొండ సీమలోని రాచకొండనేలిన రేచెర్ల అనపోతానాయకుడు ఓరుగల్లుపైకి నడచెను. 1368 ప్రాంతమున భీమవరము యుద్ధమున కాపయ వీరస్వర్గమలంకరించెను. బహమనీలు చేయలేనిది పొరుగు తెలుగు రాజు చేసెను. నాయకులు ఎవరి సీమకు వారు మరలిపోయిరి. పద్మనాయకులకు బహమనీలతో మైత్రి కలదు. అయినను 1425 ప్రాంతమున సుల్తాను అహమ్మదుషా ఓరుగల్లును కైవసము చేసికొనెను. తరువాత రాచకొండయు నిలువలేదు.

కాపయ సాహాయ్యము చేసి చూచెను. కప్పము కట్టి చూచెను. దూరపు ప్రభువును వేడి చూచెను. మూడును ఫలింపలేదు. ఆయనకు ఫలించినది ఒక్కటే: 75 మంది ఒక్కమాటపై నిలిచిన ఆ తొలినాళ్ల ఐకమత్యము. దానిని నిలుపుకొనలేకపోవుట ఆయన ఒక్కని దోషము కాదు, అందరిదియును. గట్టు తగవులాడుకొను రైతులకు చెరువుకట్ట తెగునప్పుడు ఎవరి పొలమును దక్కదు. ఓరుగల్లు, రాచకొండలకు జరిగినది అదియే. ఈ చరిత్రమును మన గ్రామస్థులు, ముఖ్యముగా యువకులు, మరువకుందురు గాక!