బేరార్ యువరాజు ఆజం జా: పేరులో రాజ్యం ఉంది.. గద్దె మాత్రం కొడుక్కి పోయింది!

మంథని దగ్గర గోదావరి దాటి ఆదిలాబాద్ మీదుగా ఉత్తరానికి పోతే పెన్‌గంగ వస్తుంది. ఆ నది అవతలే ఒకప్పటి బేరార్. ఇప్పుడది మహారాష్ట్రలోని విదర్భలో ఓ భాగం. దాని పేరుతోనే హైదరాబాద్‌లో ఓ యువరాజు ఉండేవాడు. ఆయనే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పెద్ద కొడుకు ఆజం జా. వరంగల్‌లోని ఆజంజాహీ మిల్లు ఈయన పేరు మీదదే.

ఆజం జా 1907లో పుట్టాడు. 1931లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో పెళ్లి. వధువు దుర్రుషెహ్వార్, తుర్కియే చివరి ఖలీఫా కూతురు. అదే రోజు తమ్ముడు మొఅజ్జం జా పెళ్లి కూడా అయింది. హైదరాబాద్‌లో మొజంజాహీ మార్కెట్ ఆ తమ్ముడి పేరుతో వెలసిందే.

ఇంతకీ బేరార్ కథేంటి? సైన్యం ఖర్చుల బాకీ చూపించి 1853లో ఇంగ్లీషోళ్లు ఆ ప్రాంతాన్ని తమ చేతిలోకి తీసుకున్నారు. 1902లో ఏడాదికి 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలు రాయించుకున్నారు. తిరిగి ఇవ్వమని ఉస్మాన్ అలీ ఖాన్ గట్టిగా అడిగినా 1926లో వైస్రాయ్ రీడింగ్ కుదరదని తేల్చేశాడు. చివరికి 1936లో దక్కింది పేరు మాత్రమే. నిజాంకు 'హైదరాబాద్, బేరార్ నిజాం' అన్న బిరుదు, వారసుడికి 'ప్రిన్స్ ఆఫ్ బేరార్' అన్న బిరుదు. పాలన మాత్రం బ్రిటిష్ వాళ్లదే. అంటే ఆజం జా తన పేరులో ఉన్న నేలను ఒక్కరోజు కూడా ఏలలేదు.

సైన్యానికి సర్వసేనాని హోదా, బెల్లావిస్టా ప్యాలెస్‌లో కాపురం.. ఏ లోటూ లేదు. కానీ విలాసాలు, అప్పులు తండ్రికి నచ్చలేదు. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్‌తో రాజ్యమే పోయింది. మిగిలింది బిరుదు, రాజభరణం, ఆస్తులు. వాటికీ కొడుకును కాదని మనవడు ముకర్రం జానే నిజాం వారసుడిగా ఎంచుకున్నాడు.

1967 ఫిబ్రవరి 24న ఉస్మాన్ అలీ ఖాన్ కన్నుమూశాడు. కేంద్రం కూడా ముకర్రం జానే గుర్తించింది. అరవై ఏళ్ల వయసులో ఆజం జా తన కళ్ల ముందే కన్నకొడుకు ఎనిమిదో నిజాం కావడం చూడాల్సి వచ్చింది. 1970 అక్టోబర్‌లో ఆయనా పోయాడు.

ఆ మరుసటి ఏడాది డిసెంబర్‌లో 26వ రాజ్యాంగ సవరణతో రాజభరణాలు, రాజుల గుర్తింపు రద్దయ్యాయి. అప్పుడు రాష్ట్ర ముఖ్యమంత్రి ఎవరో తెలుసా? మంథని ఎమ్మెల్యే పీవీ నరసింహారావు!