మార్గరెట్ మిచెల్

యుద్ధచరిత్రములందు సేనానుల పేరులు నిలుచును. వారి రాకకై యిండ్లలో నెదురుచూచిన స్త్రీల కథ యంతగా వ్రాయబడదు. అట్టి కథ వ్రాసి ప్రఖ్యాతి గాంచినది మార్గరెట్ మిచెల్.

ఈమె 1900 సంవత్సరము నవంబరు 8వ తేదీన అమెరికాదేశమునందలి అట్లాంటా నగరమున జన్మించెను. 1864లో అంతర్యుద్ధాగ్నికి గురియైన నగర మది. ఆ యుద్ధమును చూచిన వృద్ధుల కథలు వినుచు నీమె పెరిగెను. 1918లో, ఈమెను వివాహమాడనున్న యువసైనికుడు ఫ్రాన్సు రణరంగమున గాయపడి మరణించెను. మరుసటి జనవరిలో ఇన్‌ఫ్లూయెంజా జ్వరముచే తల్లి గతించెను. ఆ యేడే కళాశాల విడిచి యింటి భారమును వహించెను.

పిమ్మట పత్రికలో పనిచేసెను. 1926లో కాలి గాయమువలన నింట నుండవలసి రాగా నవల నారంభించెను. 'గాన్ విత్ ది విండ్' 1936లో వెలువడి, 1937లో పులిట్జరు బహుమానము నొందెను. అందలి స్కార్లెట్ ఆకలి నెదిరించి తన పొలమును నిలుపుకొనును; తన్ను నిజముగ ప్రేమించినవానిని మాత్రము కడపట గాని గుర్తెరుగదు.

ఆ గ్రంథమున గొప్ప కొరత యొకటి గలదు. బానిసల దుఃఖమును అది యథార్థముగ చూపలేదు. అయినను 1940 తరువాత, మోర్‌హౌస్ కళాశాల నల్లజాతి విద్యార్థులు వైద్యవిద్య నభ్యసించుటకై, తన పేరు తెలియనీయక ఈమె ధన మొసగెను.

1949 ఆగష్టు 11న వీధి దాటుచుండగా మోటారుబండి తగిలి, 16వ తేదీన మరణించెను. సోదర విద్యార్థులారా! ఈమె నవలను చదువునపుడు అందు కనబడని దుఃఖితులను, పేరు చెప్పక చేసిన యీ దానమును గూడ తలపవలయును.