చమురు బావి బురద నుంచి జాతీయ ప్రయోగశాలల దాకా: శాంతి స్వరూప్ భట్నాగర్

చమురు శుద్ధి కర్మాగారాల్లో బరువైన హైడ్రోకార్బన్ అణువులను పెట్రోలుగా, వంటగ్యాసుగా విడగొట్టే ఉత్ప్రేరకంపై క్షణాల్లోనే కార్బన్ పేరుకుంటుంది. సూక్ష్మ రంధ్రాలు మూసుకుపోయి దాని శక్తి సన్నగిల్లుతుంది. వేడి గాలిని పంపి ఆ కార్బన్‌ను కాల్చివేస్తే ఉత్ప్రేరకం తిరిగి పనికివస్తుంది. అప్పుడు పుట్టిన వేడి తదుపరి చర్యకు తోడ్పడుతుంది. పదార్థాల ఉపరితలంపై జరిగే ఇటువంటి చిన్న మార్పులను అర్థం చేసుకుంటే పరిశ్రమల పెద్ద చిక్కులు తీరుతాయని మన దేశంలో తొలినాళ్లలోనే ఆచరణలో చూపినవారు శాంతి స్వరూప్ భట్నాగర్.

నేడు పాకిస్థాన్‌లో ఉన్న భేరాలో 1894 ఫిబ్రవరి 21న ఆయన జన్మించారు. ఎనిమిది నెలల పసివాడిగా ఉండగానే తండ్రి మరణించారు. బులంద్‌శహర్ జిల్లా సికంద్రాబాద్‌లో ఇంజినీరైన మాతామహుని ఇంట పెరిగారు. 1921లో లండన్ విశ్వవిద్యాలయం నుంచి డీఎస్సీ పట్టా పొంది, తొలుత బనారస్‌లో, 1924 నుంచి లాహోర్‌లో ఆచార్యులుగా పనిచేశారు.

రావల్పిండి ప్రాంతంలో అటక్ ఆయిల్ కంపెనీ బావులు తవ్వుతుండగా, డ్రిల్లింగ్‌కు వాడే బురద ఉప్పునీటితో కలిసి గట్టిపడి పని నిలిచిపోయేది. బురదలో దేశీయ జిగురు కలిపితే చిక్కదనం తగ్గి నిలకడ పెరుగుతుందని భట్నాగర్ నిరూపించారు. సంతోషించిన స్టీల్ బ్రదర్స్ సంస్థ లక్షా యాభై వేల రూపాయలు ఇవ్వజూపింది. అధ్యాపకుని జీవితంలో అది పెద్ద సంపదే. అయినా ఆయన సొంతానికి తీసుకోక, విశ్వవిద్యాలయంలో పెట్రోలియం పరిశోధనకు మళ్లించారు.

1942లో ఏర్పడిన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలికి సారథ్యం వహించి, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలతో సహా 12 జాతీయ ప్రయోగశాలల స్థాపనకు కారకులయ్యారు. స్వాతంత్ర్యానంతరం కేంద్ర ప్రభుత్వ కార్యదర్శిగా, దేశంలో శుద్ధి కర్మాగారాల ఏర్పాటుకు విదేశీ చమురు సంస్థలతో సంప్రదింపులు జరిపారు. 1957లో విశాఖపట్నంలో కాల్టెక్స్ కర్మాగారం ప్రారంభమయ్యేనాటికి ఆయన లేరు. 1955 జనవరి 1న ఢిల్లీలో గుండెపోటుతో కన్నుమూశారు.

ఢిల్లీ పొరుగున ఫరీదాబాద్‌లో ఇండియన్ ఆయిల్ పరిశోధన కేంద్రం 1972లో వెలిసింది. బరువైన చమురు అవశేషాలను వంటగ్యాసుగా మార్చే ఇండ్‌మ్యాక్స్ విధానాన్ని అక్కడి శాస్త్రవేత్తలు రూపొందించారు. చమురు ఎంత బరువైతే ఉత్ప్రేరకంపై కార్బన్ అంత ఎక్కువగా పేరుకుంటుంది. ఆ చిక్కును స్వదేశీ పరిశోధనతో ఎదుర్కోవడంలో భట్నాగర్ చూపిన బాట కనిపిస్తుంది.